పాలూ గుడ్డూ లేని క్యారేజీ

క్యాంపులో మెస్సు గొడవ అంటే ఎక్కువ భాగం లెక్కల గొడవే. నూనె డబ్బా పదిహేను రోజులకే ఎందుకు అయిపోయింది, వారం రోజులు వేరే సైటుకు పోయిన మనిషి వంతు కట్టాలా వద్దా, అన్నం రెండుసార్లు పెట్టుకునేవాడూ ఒకసారి పెట్టుకునేవాడూ సమానంగా కట్టడం న్యాయమేనా. వీటికి తోడు ఇంకో తగాదా ఉంది. నేను చికెన్ తినను, చికెన్ వంతు నేనెందుకు కట్టాలి? అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు ఉంటే నలభై ఒక్క రోజులు ఎలాగో సర్దుకుంటాం. ఏడాది పొడుగునా తిననంటే, పైగా గుడ్డు వద్దు, పెరుగు వద్దు, చాయ్‌లో పాలు కూడా వద్దంటే ఏం చెయ్యాలి? మా ఎనిమిది మంది రూములో ఈ ప్రశ్న పుట్టి ఏడాది దాటింది. ఈ వారం ఆ వంటల సంగతే.

ఇలా తినేవాళ్ళను వీగన్లు అంటున్నారు. ఈ మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, కొందరు మిత్రులూ కలిసి పెట్టిన పేరు. మన లెక్కలో శాకాహారి అంటే మాంసం తినకపోయినా పాలు, పెరుగు, నెయ్యి కడుపారా తినే మనిషి. వీగన్ అవి కూడా ముట్టడు, తేనె సైతం మానేస్తాడు. ఇదంతా డబ్బున్నవాళ్ళ సోకు అని మనలో చాలామంది నవ్వుతారు. మా రూము తమ్ముడిది సోకు కాదు. జగిత్యాల వైపు పిల్లవాడు. ఇక్కడికి రాకముందు పక్క దేశంలో ఎడారి మధ్య ఒక పెద్ద డెయిరీ ఫారంలో మూడేళ్ళు చేశాడు. అక్కడ దూడ పుట్టిన కొద్ది గంటలకే తల్లి దగ్గర్నుంచి తీసి వేరే చోట కట్టేవారట. "మా ఇంట్ల బర్రె ఈనితే ముందుగాల దుడ్డె తాగినంకనే పిండుకునేటోళ్ళం అన్నా. ఆడ రాత్రంత అరుస్తనే ఉండేటివి" అని ఒక్కసారి చెప్పాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఊళ్ళో వాళ్ళమ్మ రెండు బర్రెలను సాకి పాలకేంద్రానికి పాలు పోస్తుంది. ఆ బర్రెలను కొన్నది ఈ తమ్ముడు పంపిన పైసలతోనే. "మరి అమ్మకేం చెప్తవురా?" అని మాలో ఒకరు అడిగితే "అమ్మకేం చెప్పలే" అన్నాడు. ఆ మాట అక్కడితో ఆపేశాం.

ఇక వంటకు వద్దాం. మన తిండిలో అసలు పరీక్ష క్యారేజీదే. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు కాబట్టి ఆ నెలల్లో మన భోజనం వేళ కూడా అదే. తెల్లవారుజామున 4 గంటలకు కట్టిన క్యారేజీ బస్సులో, సైటులో, ఏ ఇనుప కంటైనరు నీడలోనో ఎనిమిదిన్నర గంటలు ఉంటుంది. అంతసేపటికి కోడిగుడ్డు కూర ఏమవుతుందో, పెరుగన్నం ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కర లేదు. పాలూ మాంసమూ లేనంత మాత్రాన క్యారేజీ పాడు కాదని మాత్రం అనుకోకండి. పప్పు కూడా పులుస్తుంది. వండిన అన్నమే ఒక్కోసారి విషమవుతుంది. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే రాత్రి వండిన అన్నాన్ని గిన్నెలో మూతపెట్టి ఉంచకండి. పళ్ళెంలో పలచగా పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఈ ఏడాదిలో మాకు అచ్చొచ్చిన క్యారేజీ చింతపండు పులిహోర. పులుపు, ఉప్పు, నూనె మూడూ కలిసి అన్నాన్ని కాపాడతాయి. మన పెద్దవాళ్ళు ప్రయాణాలకు పులిహోర కట్టింది ఊరికే కాదు. అందులో పల్లీలు పిడికెడు కాదు, మనిషికి గుప్పెడు చొప్పున వేస్తాం. పక్కన నీళ్ళు లేకుండా వేయించిన శనగలు. శనగలు ఉడికాక తడి ఆరేదాకా మూకుడులో తిప్పి ఉప్పు, కారం, వెల్లుల్లి వేసి దించితే మధ్యాహ్నం దాకా చెక్కుచెదరవు. ఖుబ్బూస్ కట్టుకునేవాళ్ళకు పల్లీల కారప్పొడి, దాని మీద రెండు చెంచాల పల్లీనూనె. పప్పుచారు మాత్రం ఎండాకాలం క్యారేజీలో పోయకండి, రాత్రి రూములోనే తినండి.

వీటికంటే పెద్ద చిక్కు పెరుగు. మజ్జిగ లేకుండా భోజనం ముగిస్తే మనకు సగం కడుపే నిండినట్టు ఉంటుంది. ఆ తమ్ముడు అన్నం చివర ఉత్త నీళ్ళు పోసుకుని ఉప్పు కలుపుకుంటుంటే చూడలేక ప్రయోగాలు మొదలుపెట్టాం.

మొదటిది తహీనా. ఇక్కడ ఏ బఖాలాలో అడిగినా సీసాల్లో దొరుకుతుంది, మెత్తగా నూరిన నువ్వుల ముద్ద. మూడు చెంచాల తహీనాలో అర నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేసి కలపండి. ముందు అది గట్టిపడి మట్టి ముద్దలా అవుతుంది. పాడయిందని పారేయకండి. చల్లని నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే ఉన్నట్టుండి విడిపోయి తెల్లగా, చిక్కని మజ్జిగలా మారుతుంది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు పోపు పెట్టి పసుపు వేస్తే మజ్జిగ పులుసుకు చుట్టమే. పొయ్యి మీద మరిగించకండి, ముద్ద కడుతుంది. మన నువ్వుల పచ్చి పులుసు తెలిసినవాళ్ళకు ఈ రుచి కొత్తేమీ కాదు. కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు తినగానే గుర్తుపట్టారు, భీమవరం అన్నయ్యకు మాత్రం రెండు వారాలు పట్టింది.

రెండోది పల్లీల పెరుగు. దీన్ని మాత్రం సెలవు రోజునే చెయ్యాలి. ఒక గ్లాసు పచ్చి పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్ళతో మిక్సీలో మెత్తగా రుబ్బి గుడ్డలో వడగట్టండి. ఆ పాలను సన్న సెగ మీద కలుపుతూ కాచాలి. అడుగంటితే ఆ వాసన చివరిదాకా వదలదు. కొంచెం చిక్కబడ్డాక దించి, వేలు పెడితే వెచ్చగా తగిలేంత ఆరనివ్వండి. తోడుకు పెరుగు వాడకూడదు కదా, ఏడెనిమిది పచ్చిమిరపకాయల తొడిమలు శుభ్రంగా కడిగి అందులో వేసి మూత పెట్టండి. తొడిమల మీద సహజంగా ఉండే క్రిములే తోడుపెడతాయి. ఎనిమిది, పది గంటల్లో తోడుకుంటుంది. తొడిమలు తీసేసి ఫ్రిజ్‌లో పెట్టండి. రంగు మారినా, జిగురు తీగలు సాగినా, వాసన తేడాగా ఉన్నా తినకుండా పారబోయండి. గేదె పెరుగులా గడ్డ కట్టదు, పల్లీ వాసన కొంత ఉంటుంది, ఆ మాట దాచడం ఎందుకు. దాంట్లో అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి, ఉప్పు కలిపి పోపు పెట్టి అన్నంలో కలిపితే ఆ వాసన కూడా పోతుంది. మొదటి విడతలోంచి రెండు చెంచాలు దాచుకుంటే తర్వాతి విడతకు అదే తోడు. ఆ రోజు తమ్ముడు మూడుసార్లు అన్నం పెట్టుకున్నాడు. మెస్సు లెక్క రాసే మనిషి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

పొయ్యి వంతు సంగతి కూడా చెప్పాలి. ఒక్కో పొయ్యి దగ్గర నలుగురు గిన్నెలతో నిలబడి ఉంటే గంటసేపు ఉడికే వంట పెట్టుకోలేం. అలాంటి రోజు ఎర్ర పప్పు దిక్కు. మసూర్ పప్పు నానబెట్టక్కర లేదు, కుక్కరు అక్కర లేదు, ఇరవై నిమిషాల్లో విడిపోతుంది. డబ్బాల్లో వచ్చే ఫూల్ ఇంకా సులువు, ఈజిప్టు వాళ్ళు పొద్దున్నే తినే బాకలా గింజలు అవి. ఉడికే ఉంటాయి కాబట్టి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా వేయించి అందులో కుమ్మరించి మెదిపితే పది నిమిషాల్లో ఖుబ్బూస్‌లోకి కూర. రాజ్మాతో మాత్రం జాగ్రత్త. రైస్ కుక్కర్లో సన్న వేడి మీద వదిలేస్తే వాంతులు పట్టుకుంటాయి. రాత్రి నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించి, తర్వాత మెత్తగా ఉడికించాలి. ఇవన్నీ క్యాంపు వంటగదిలో చేసుకునే వంటలు. రూములో బంకు కింద దొంగచాటుగా హీటరు పెట్టే అన్నదమ్ములు దయచేసి ఈ పేజీ చదవకండి.

కష్టపడే ఒంటికి పప్పూ పచ్చడీ సరిపోతాయా అని అడిగేవాళ్ళకు ఒక లెక్క. ఒక కోడిగుడ్డులో ఉండే మాంసకృత్తులు 6 గ్రాములు. 100 గ్రాముల ఎండు పప్పుల్లో 22 నుంచి 25 గ్రాములు, పల్లీల్లో సుమారు 25, మీల్ మేకర్‌లో 50 దాకా. మీల్ మేకర్‌ను వేడి నీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి, మళ్ళీ కడిగి మళ్ళీ పిండితేనే ఆ పచ్చి వాసన పోతుంది. ఆ తర్వాత అల్లం వెల్లుల్లి, చికెన్ మసాలా వేసి వేయించండి. చికెన్ మసాలాలో చికెన్ ఉండదు, అయినా పొట్లం మీద ఒకసారి చదువుకోండి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ లాభం పోతుంది. తమ్ముడు పాల చాయ్ మానేసి సులేమానీకి మారాడు, అదీ తిన్న గంట తర్వాతే తాగమని చెప్పాం.

ఒక్కటి మాత్రం ఏ పప్పులోనూ ఏ ఆకుకూరలోనూ దొరకదు. అది విటమిన్ బి12. మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే ఉంటుంది. ఒంట్లో నిలవ ఉంటుంది కాబట్టి మానేసిన వెంటనే తెలియదు, కొన్నేళ్ళు పట్టవచ్చు. తర్వాత నీరసం, నాలుక మంట, కాళ్ళూ చేతుల్లో తిమ్మిర్లు, నడకలో తూలు మొదలవుతాయి. ఆలస్యమైతే నరాలకు తగిలిన దెబ్బ పూర్తిగా తగ్గకపోవచ్చు. ఆరో అంతస్తు పరంజా మీద నిలబడే మనిషికి కాళ్ళ తిమ్మిరి అంటే ఏమిటో మీకు తెలుసు. మా తమ్ముడు బి12 బిళ్ళ పేరెత్తితే "మా తాత ఏ బిళ్ళ మింగిండు?" అన్నాడు. తాత మజ్జిగ తాగాడు నాయనా అని చెప్పాం. ఇంగ్లండులోని వీగన్ సొసైటీ వాళ్ళే రోజుకు కనీసం 10 మైక్రోగ్రాముల బిళ్ళ, లేదా వారానికి 2000 మైక్రోగ్రాముల బిళ్ళ వేసుకోమంటారు. ఫార్మసీలో అడిగితే ఇస్తారు. ఇప్పటికే తిమ్మిర్లు ఉంటే బిళ్ళతో సరిపెట్టుకోకుండా క్లినిక్‌కు పోయి రక్తపరీక్ష చేయించుకోండి.

బయట తినేటప్పుడు నాలుగు అరబ్బీ మాటలు పనికొస్తాయి. హలీబ్ పాలు, లబన్ మజ్జిగ, బైద్ గుడ్డు, సమ్న్ నెయ్యి. "బిదూన్ హలీబ్" అంటే పాలు లేకుండా. మామూలు ఖుబ్బూస్‌లో పిండి, నీళ్ళు, ఈస్టు, ఉప్పు ఉంటాయి. హోటలు పరోటాలో చాలాచోట్ల గుడ్డో నెయ్యో కలుస్తుంది. ఫలాఫిల్ శనగలదే కానీ శాండ్‌విచ్‌లో మయొనేజ్ పూస్తారేమో అడగండి, అందులో గుడ్డు ఉంటుంది.

మన పక్క బ్లాకుల్లోని ఈజిప్టు క్రైస్తవులను కూడా అడిగి చూడండి. కాప్టిక్ చర్చి వాళ్ళకు ఏడాదిలో 200కు పైగా ఉపవాస దినాలు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు, కొన్ని ఉపవాసాల్లో చేప తింటారు. వాళ్ళ దేశపు కొషరీ మా రూములో ఇప్పుడు నెలకు రెండుసార్లు వండుతున్నాం. అన్నం, మసూర్, మాకరోనీ విడివిడిగా ఉడికించి పళ్ళెంలో పొరలుగా వేసి, మీద శనగలు, వెల్లుల్లి వెనిగరు పడ్డ టమాటా పులుసు, కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు. ఎనిమిది మందికీ ఒకే గిన్నె వంట, ఎవరికీ వేరే కూర అక్కర లేదు. జీతం రాని నెలాఖరు వారం ఎలాగూ అందరం తమ్ముడి దారిలోనే ఉంటాం కాబట్టి అప్పుడు వండటం మేలు.

లెక్క ఎలా తేల్చామంటే, పుస్తకంలో రెండు గళ్ళు గీశాం. బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు, మసాలాలు, గ్యాసు ఎనిమిది వంతులు. చికెన్, చేప, గుడ్లు, పాలు, పెరుగు ఏడు వంతులు. తహీనా, మీల్ మేకర్ అందరూ తింటున్నారు కాబట్టి అవి ఎనిమిదిలోకే. కూరల్లో నెయ్యి వేయం, కావలసినవాళ్ళు కంచంలో వేసుకుంటారు. చికెన్‌కు గిన్నె, గరిటె వేరు. ఒక్కడి కోసం ఇంత పనా అని మొదట్లో గొణిగిన అన్నయ్య ఇప్పుడు ఆ గరిటె ఎవరైనా మారిస్తే తానే కసురుకుంటున్నాడు. గిన్నెలు తోమే వంతు మాత్రం ఇంకా తేలలేదు. చికెన్ గిన్నె నేనెందుకు తోమాలని తమ్ముడంటాడు, నువ్వు తిన్న పళ్ళెం మేం తోమడం లేదా అని మిగతావాళ్ళంటారు. మీ రూములో దీనికి ఏ పద్ధతి పెట్టుకున్నారో రాయండి. పేర్లు వేయవద్దంటే వేయం.