దేహముపై చేబదులు వలదు



చేబదులు తెచ్చి పంటంతయు వడ్డీకి ధారపోయు దుస్థితి తప్పించుటకే మన సహకార సంఘములు పుట్టినవి. 1904వ సంవత్సరమున సహకార ఋణ సంఘముల చట్టము వచ్చిననాటినుండి పెద్దలు ఈ మాటనే బోధించుచున్నారు. భూమి విషయమున ఈ బోధ మనకు తలకెక్కినది. దేహము విషయమున ఇంకను ఎక్కలేదు. నాట్లు, కోతలు వచ్చినవనగా నడుము పట్టుట, మోకాళ్లు వాచుట, అంగడికి పోయి పేరైన అడుగక నొప్పిమాత్ర కొని మ్రింగుట, తెల్లవారి మరల పొలమునకు పోవుట మనకు పరిపాటి యైనది. ఇది దేహముపై చేయు చేబదులు. దీని వడ్డీ మిక్కిలి భారమని నా అభిప్రాయము.

వాపు స్వభావముచేత శత్రువు కాదు. దెబ్బ తగిలినచోట ఎఱ్ఱదనము, వేడి, వాపు, నొప్పి కలుగుట శరీరము తన్ను తాను కాపాడుకొను యత్నము. రక్తము అచ్చటికి హెచ్చుగా ప్రవహించి, రోగక్రిములతో పోరాడు తెల్లకణములను చేర్చును. పని ముగిసినపిదప వాపు తగ్గవలెను. తగ్గక నెలలతరబడి నిలిచినచో అదియే కీళ్లను, రక్తనాళములను చెఱచును. నిద్రలేమి, పొగాకు, పొట్టక్రొవ్వు, చెడిన చిగుళ్లు ఇట్టి నిలువ వాపునకు దోహదము చేయును.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వాపును అణచునే గాని దాని కారణమును తీయవు. దినదినము మ్రింగినచో కడుపులో పుండ్లు పడవచ్చును. మూత్రపిండములకు రక్తప్రసారము తగ్గును. ఎండలో చెమటోడ్చి నీరు చాలినంత త్రాగనివానికి ఈ అపాయము మఱింత హెచ్చు. దీనికి రాబందులే సాక్ష్యము. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరములను తిని, మూత్రపిండములు చెడి అవి చచ్చుచున్నవని 2004లో ఋజువైనది. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. మనుష్యుని దేహము పక్షిదేహమంత సుకుమారము కాదు. అయినను ఆ మందు దెబ్బ ఏ యవయవముపై పడునో ఇందువలన తెలియుచున్నది.

నేనును ఒక కోతకాలమున ఇరువది దినములు వరుసగా ఈ మాత్రలు వాడి, నల్లని విరేచనములై మంచమెక్కినవాడను. పని మానకుండుటవలన మిగిలిన కూలికన్న వైద్యమునకు పెట్టిన సొమ్ము అధికమైనది. వైద్యుడు వ్రాసియిచ్చిన మందు మానుడని నేను చెప్పుట లేదు. వైద్యుని అడుగక వాడుట మానుడని మాత్రమే నా మనవి. కీళ్లనొప్పులకని సంతలో అమ్ము పేరులేని పొడులనుగూడ నమ్మరాదు. చెప్పక స్టెరాయిడ్లు కలిపిన పొడులు పలుమారులు పట్టుబడినవి.

చేబదులు వలదన్నచో పొదుపు కావలెను గదా. దేహమునకు మొదటి పొదుపు నిద్ర. 2015లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో 164 మంది ముక్కులలో జలుబు క్రిమిని వేసి చూచిరి. ఏడు గంటలకు మించి నిద్రించువారికన్న ఆరు గంటలలోపు నిద్రించువారు నాలుగింతలు హెచ్చుగా జలుబు బారిన పడిరి. రాత్రివేళ కరెంటు వచ్చుచోట్ల ప్రతి రైతును నిత్యము లేచి మోటారు వేయనేల? ఇరుగుపొరుగు పొలములవారు వంతులు వేసికొన్నచో నలుగురిలో ముగ్గురికి నిండునిద్ర దక్కును. ఇదియు సహకారమే.

రెండవది ఆహారము. మూడుపూటల తెల్లని బియ్యపన్నమే తినుట మనకు మర్యాద యైనది. రాగులలో నూఱు గ్రాములకు మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు; బియ్యమున అది బహుస్వల్పము. జొన్న, రాగి, కొఱ్ఱల పీచు, పప్పుధాన్యముల పీచు ప్రేగులలోని మేలుచేయు క్రిములకు ఆహారమగును; ఆ క్రిములు చేయు ఆమ్లములు వాపును శాంతపఱచును. ఒకపూట సంగటియో రొట్టెయో, కందిపప్పు, తోటకూర, మజ్జిగ — ఇవి మన చేల, మన దొడ్ల పంటలే. పసుపు కూరలో వేసికొనుట మంచిదే. అందలి కుర్కుమిన్ రక్తమున చేరునది మిక్కిలి కొంచెము. కావున దానిని వైద్యునికి బదులుగా నమ్ముకొనుట తగదు.

మూడవది శుభ్రత. ధనుర్వాత క్రిమి మట్టిలోను పేడలోను నివసించును. కొడవలి తెగినచోట మన్నుగాని పేడగాని అద్దక, సబ్బుతో, మంచినీటితో కడిగి, టీకా పొందవలెను. పురుగుమందు కొట్టినచేతులతో అన్నము తినరాదు, చుట్ట ముట్టించరాదు. చుట్టను పూర్తిగా మానుట ఇంకను మేలు.

"కూలికి పోనిదే పూట గడవనివాడు విశ్రాంతి ఎట్లు తీసికొనును?" అని కొంద రడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. అందుచేతనే ఈ పని ఒక్కనివలన కాదు, సంఘమువలన కావలెను. బరువైన బస్తాల నిద్దరు మోయుట, వేసవిలో ప్రొద్దుననే పని మొదలిడి నడిమధ్యాహ్నము ఆపుట, కళ్లమున త్రాగునీరు ఉంచుట — వీనికి వ్యయ మత్యల్పము. సంఘపు దుకాణమున రాగులు, కొఱ్ఱలు, పప్పులు నిలువయుంచవలెను. గోదామున సబ్బు, శుభ్రమైన గుడ్డ, కట్టుసామగ్రి గల పెట్టె యొకటి ఉండవలెను. ఏట రెండుమారులు ప్రభుత్వ వైద్యుని పిలిపించి సభ్యులకు రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయింపవలెను.

కీలు ఎఱ్ఱబడి వేడెక్కినను, జ్వరము మూడు దినములకు మించినను, మూత్రము తగ్గినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

ఎద్దు కుంటినచో ఆనాడు కాడి కట్టము. మన మోకాలిపైనను అంతపాటి దయ చూపుదము. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సూచనలను చర్చించి తీర్మానింప సభ్యులను ప్రార్థించుచున్నాను.