గేమ్స్ పీరియడ్ తీసేయమనకండి

ప్రియమైన తల్లిదండ్రులారా,

పదో తరగతి కదా, గేమ్స్ పీరియడ్‌లో కూడా స్టడీ అవర్ పెట్టమని మీలో కొందరు అడుగుతున్నారు. గుంటూరు మిర్చి యార్డులో హమాలీని చూడండి. టిక్కీ మోసి దించాక కాసేపు ఆగుతాడు. పూర్తి బలం పెడితే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ సుమారు 10 సెకన్లలో చాలావరకు ఖర్చవుతుంది. కొన్ని నిమిషాల విశ్రాంతిలో మళ్లీ నిండుతుంది. మెదడులోనూ ఈ పదార్థం ఉంది.

1927లో ఫిస్కేతో కలిసి దీన్ని లోకానికి చూపించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మెట్రిక్యులేషన్ పాసయింది మూడో ప్రయత్నంలో!

కండరానికి విశ్రాంతి ఇస్తాం. పొద్దుటి నుంచి పుస్తకం పట్టిన పిల్లలకు ఎందుకు ఇవ్వం? ఆ ఒక్క పీరియడ్ వాళ్లకు వదిలేయండి.