గోడలో వదిలిన ఖాళీ

ఇటుకను పడుకోబెట్టి పేర్చడం మేస్త్రీలకు అలవాటైన పని. అదే ఇటుకను అంచు మీద నిలబెట్టి, లోపలి వరుసకూ బయటి వరుసకూ మధ్య సందు వదిలి, ఆ రెంటినీ కలుపుతూ అడ్డంగా మరో ఇటుక పెడితే దాన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. తొమ్మిదంగుళాల గోడలో ఇటుకలు చెరో మూడంగుళాలు పోగా, మిగతా మూడంగుళాలూ గాలే. ఇటుకలు దాదాపు 25 శాతం ఆదా అవుతాయి, మాలు కూడా తగ్గుతుంది. లోపల చిక్కుకున్న గాలి ఎండ వేడిని అంత తొందరగా గదిలోకి రానివ్వదు.

ఈ కట్టుబడిని కేరళ ఇళ్లలో నిలబెట్టినవారు వాస్తుశిల్పి లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు. ఇంటి సామగ్రి ఐదు మైళ్ల లోపలే దొరకాలన్న గాంధీజీ మాట తన మీద బలంగా పనిచేసిందని ఆయన చెప్పుకున్నారు. ఆయన ఇళ్లలో గోడలకు చాలాచోట్ల గిలాబు ఉండదు. బాగా కాలిన ఇటుకకు పూత ఎందుకన్నది ఆయన వాదన. అది ముమ్మాటికీ సబబే.

స్లాబు విషయంలోనూ ఆయన ఇదే లెక్క పాటించారు. బరువు పడ్డప్పుడు స్లాబు పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. సాగే బలాన్ని ఇనుప చువ్వలే మోస్తాయి. చువ్వల చుట్టూ తప్ప, అడుగున ఉన్న కాంక్రీటు చాలావరకు బరువు పెంచడానికే. అందుకే చువ్వల గళ్ల మధ్య బంగళా పెంకులు పరిచి, పైన కాంక్రీటు పోస్తారు. ఇదే ఫిల్లర్ స్లాబు. కోస్తా జిల్లాల్లో పాత ఇళ్లు విప్పినప్పుడు దిగే పెంకులు దీనికి చక్కగా సరిపోతాయి. వాటిని చెత్తలో పోయడం నిజంగా బాధాకరం. తాండూరు, బేతంచర్ల నాపరాళ్లు దగ్గర్లోనే ఉండగా నేలకు దూరదేశపు పాలరాయి తెప్పించడం కూడా ఇలాంటిదే.

అయితే ర్యాట్ ట్రాప్ గోడకు కొలత తప్పని ఇటుక, ఓపికున్న మేస్త్రి కావాలి. ఇటుకలు వంకరైతే ఆదా అంతా మాలుకే పోతుంది. మాలు సందులోకి జారి పేరుకుంటే వేడి అక్కడినుంచే లోపలికి దిగుతుంది. మూలలు, తలుపు, కిటికీ పక్కలు మాత్రం ఖాళీ లేకుండా కట్టాలి. కరెంటు గొట్టాలు ఎటు పోవాలో గోడ లేవకముందే తేల్చుకోవాలి, తర్వాత గాడి కొడితే మూడంగుళాల ఇటుక పగిలిపోతుంది.