ఆరో తరగతి రేవు

కోనసీమలోని ఐ.పోలవరం పేరు ముందున్న ‘ఐ’ అంటే ఐలండ్. నీళ్ల నడుమ పుట్టిన ఊళ్లకు పెద్ద చదువంటే రేవు దాటడమే. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి రాకముందు, యానాం వైపు వెళ్లాలంటే పంటు కోసం గౌతమి ఒడ్డున కాచుక్కూర్చోవాల్సిందే. ఒకటి తప్పిపోతే మనసు చివుక్కుమనేది. అయినా ఇంకొకటి వస్తుందన్న ధీమా ఉండేది.

అఫ్గాన్ ఆడపిల్లలకు ఆ ధీమా లేదు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమయ్యాక ఆరో తరగతి దాటిన బడి చదువు మగపిల్లలకే మిగిలింది. 2022 మార్చి 23న బడులు తెరుస్తామన్నారు. సంచులు తగిలించుకుని వచ్చిన అమ్మాయిలను ఆ రోజే ఇళ్లకు తిప్పి పంపారు. డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులూ మూశారు. మన పిల్లలు హైస్కూల్లో అడుగుపెట్టే ఆరో తరగతే వాళ్లకు ఆఖరి మెట్టు.

కాబూల్ గోడలపై చిత్రకారిణి షంసియా హసానీ గీసిన అమ్మాయి కళ్లు మూసుకుని ఉంటుంది. ఆమెకు నోరుండదు. చాలా బొమ్మల్లో చేతిలో ఓ సంగీత వాయిద్యం మాత్రం ఉంటుంది. ఆర్ట్‌లార్డ్స్ అనే కళాకారుల బృందం నగరంలోని రక్షణ గోడలపై వేసిన బొమ్మలెన్నో 2021 తర్వాత తెల్లరంగు కిందికి పోయాయి.

బొమ్మ బడి తలుపు తీస్తుందా? తీయదు. కానీ కళ ఏం చేయగలదో మన పెద్దలకు తెలుసు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టిన వీరేశలింగం అంతటితో ఆగలేదు, ప్రహసనాలూ రాశారు. 1892లో విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’ తొలిసారి రంగమెక్కింది. బాల్యవివాహాలపై శారదా చట్టం వచ్చింది 1929లో. అంతకు 37 ఏళ్ల ముందే జనం తమ ఇళ్లలోని తంతును రంగస్థలం మీద చూసి నవ్వారు, నవ్వుతూనే తడుముకున్నారు. నాటకం చట్టం చేయలేదు. ఆచారమని సరిపెట్టుకున్నదాన్ని అన్యాయమని గుర్తుపట్టేలా చేసింది.

ఇప్పుడు మన భయమూ ఆ సరిపెట్టుకోవడం గురించే. ఏళ్లు గడిచేకొద్దీ అఫ్గాన్ ఆడపిల్లల వార్త లోపలి పేజీకి జారిపోతోంది. అందుకే కోనసీమ బడి గోడల మీద ఓ బొమ్మకు చోటిద్దాం. నిండుగా పిల్లలతో కదిలిపోతున్న పంటు, ఒడ్డున సంచితో ఆగిపోయిన ఒక పాప. అటుగా వెళ్లే ఆరో తరగతి అమ్మాయి ‘ఆ పిల్లనెందుకు ఎక్కించుకోలేదండీ?’ అని మాస్టారిని అడిగితే చాలు, బొమ్మ తన పని మొదలుపెట్టినట్టే.