వెసులుబాటు ఎవరికి?

ఇంటి నుంచి పని స్త్రీలకు వరమని యాజమాన్యాలు అంటున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో ఆ వరమేమిటో చూశాం: ఆఫీసు పనీ, ఇంటిచాకిరీ ఒకేసారి, కరెంటు బిల్లు మనదే. 2017 ప్రసూతి చట్ట సవరణ సైతం, సెలవు ముగిశాక ఇంటి నుంచి పనికి యజమాని ‘అనుమతించవచ్చు’ అందే తప్ప ‘అనుమతించాలి’ అనలేదు. హక్కు కాదు, దయ!

సరే, హైటెక్ సిటీ అద్దాల మేడలు తుడిచే స్త్రీల మాటేమిటి? ఆ పని ఇంటి నుంచి అయ్యేది కాదు కదా. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు స్త్రీలకు ఉచితం. ఆ ఖర్చు ప్రభుత్వానిది. కాంట్రాక్టు మనుషులని కంపెనీ క్యాబ్ ఎక్కనివ్వని యజమాని పెట్టిన ఖర్చేదీ? రాయదుర్గం మెట్రో నుంచి గేటు దాకా ఇంజనీరూ, ఊడ్చే మనిషీ కలిసి ఎక్కే బస్సు వెయ్యమని అడగాలి. కార్లు తగ్గించామని పర్యావరణ నివేదికలో రాసుకోవడం ఆ తర్వాత.