ముందు రబ్బర్లు మార్చాం

పాత బొలెరో పికప్ షెడ్డు ముందు ఆగి, "ఉస్తాద్, ఇంజన్ బాగ వణుకుతాంది" అని డ్రైవర్ అన్నాడంటే మా మానుకోట, తొర్రూరు, కేసముద్రం, మరిపెడ మెకానిక్‌లం చేసే మొదటి పని ఒక్కటే. బండి కిందికి దూరి ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు చూస్తాం. పదేళ్లు దాటిన బండిలో పగలని రబ్బరు అరుదు. పగులు కనబడగానే రోగం దొరికిందనుకొని పిల్లగాణ్ని స్పేర్ పార్ట్స్ దుకాణానికి తోలుతాం. కొత్త రబ్బర్ల మీద ఇంజన్ కొద్ది రోజులు నిమ్మళంగా ఉంటుంది. మళ్లీ వణుకు. ఈసారి క్లచ్ సెట్టు. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు. ఆ తర్వాత నాజిళ్లు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలి నాలుగు పైసలు సంపాదించుకోవాల్సిన రోజుల్లో ఆ బండి మా షెడ్డు ముందు నిలబడి ఉంటుంది. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

ఎవరో ఒక మెకానిక్‌కు పని రాక జరిగింది కాదిది. పని వచ్చినవాళ్లం కూడా ఇట్లాగే చేశాం. పగిలిన రబ్బరు చాలాసార్లు కారణం కాదు, ఫలితం. నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగ్గా మండకపోతే ఇంజన్ ఒక పక్కకు గుంజుకుంటూ, గుంజుకుంటూ ఆ రబ్బరును తానే చీల్చేస్తుంది. చీలిన రబ్బరు తీసి కొత్తది వేస్తే, చీల్చిన సిలిండరు అక్కడే ఉంటుంది. ఇది మాకు తెలియదా? తెలుసు. తెలిసీ కనబడ్డదాన్నే మార్చాం.

అసలు వణుకు ఎప్పుడొస్తుందని డ్రైవర్‌ను అడగాలి. సగం రోగం ఆ జవాబులోనే తేలుతుంది. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో రేస్ ఇచ్చినా వణికితే తప్పు ఇంజన్ వైపు ఉంది. నిలబడ్డప్పుడు నిమ్మళంగా ఉండి, రోడ్డు మీద ఒక స్పీడు దాటాకే ఊగితే, గేరు మార్చినా అదే స్పీడులో అదే ఊపు ఉంటే, చూడాల్సింది టైర్లు, షాఫ్టు, సెంటర్ బేరింగు. క్లచ్ తొక్కగానే తేడా వస్తే క్లచ్ ప్లేటు, గేర్‌బాక్స్ వైపు వెతకాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే వణికి, వేడెక్కాక తగ్గితే దారి వేరు: కంప్రెషన్, నాజిళ్లు, హీటర్ ప్లగ్గులు, డీజిల్ లైన్లో గాలి.

తప్పు ఇంజన్‌దని తేలాక పాత పంపు ఇంజన్లకు ఒక సులువైన పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా నాజిల్‌కు పోయే పైపు నట్టు ఒక్కొక్కటే కొద్దిగా సడలించాలి. బాగున్న సిలిండరుదైతే ఇంజన్ ఇంకా కుంటుతుంది. సడలించినా ఇంజన్ చప్పుడులో మార్పు రాలేదంటే, పనిచేయని సిలిండరు అదే. అప్పుడు ఆ ఒక్కదానికే కంప్రెషన్ గేజి పెట్టి, ట్యాపెట్ సందు కొలిచి, నాజిల్‌ను పంపు షాపులో పరీక్ష చేయిస్తే చాలు. కామన్ రైల్ బండ్లకు మాత్రం ఈ పని చేయకూడదు. అందులో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్లు దాటగలదు, చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది. ఈ తేడా చెప్పకుండానే పిల్లగాళ్ల చేతికి పానా ఇచ్చిన షెడ్లు మాలో ఉన్నాయి. ఈ మాట రాయడానికి కూడా నాకు భయంగా ఉంది.

2005లో టాటా ఏస్ బండి వచ్చాక మాకు ఒక సాకు దొరికింది. 702 సీసీ, రెండే సిలిండర్లు. అటువంటి ఇంజన్ స్వభావంగానే నాలుగు సిలిండర్లదానికన్నా ఎక్కువ అదురుతుంది. నిజమే. అయితే పుట్టుకతో వచ్చిన అదురేదో, జబ్బుతో వచ్చిన వణుకేదో వేరుచేసి చెప్పడమే కదా మెకానిక్ పని. మేము "ఈ బండి గంతే అన్నా" అని తోలిచ్చాం. ఆ ఒక్క మాటతో ఎన్ని కాలిన నాజిళ్లు, ఎన్ని లీకయ్యే గ్యాస్కెట్లు మా కళ్ల ముందు నుంచే వెళ్లిపోయాయో లెక్క రాసుకున్నవాళ్లు మాలో లేరు.

వణుకు ఇనుములోనే ఆగిపోదు. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒక్కో సిలిండరు నిమిషానికి 400 సార్లు మండుతుంది. ఒకటి చచ్చిపడితే ఆ కుదుపు సెకనుకు ఆరేడు సార్లు వస్తుంది. కూర్చున్న మనిషి వెన్నుకు, కడుపుకు నిలువునా తగిలే కుదుపుల్లో ఒళ్లు ఎక్కువ బాధపడేది సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్ల మధ్యనే. కుంటే సిలిండరు కుదుపు సరిగ్గా అక్కడే పడుతుంది. యూరప్ దేశాలు 2002లోనే పనివాళ్ల ఒంటికి ఎనిమిది గంటల్లో ఎంత కంపనం తగలొచ్చో హద్దు పెట్టాయి. మా దగ్గర మరిపెడ నుంచి వరంగల్ దాకా మిర్చి లోడుతో పోయొచ్చిన డ్రైవర్ నడుము పట్టుకొని దిగితే, రోడ్డును తిట్టి చాయ్ తాగించాం. అతని నడుము నొప్పిలో మా షెడ్డు వాటా ఎంతో ఆలోచించలేదు.

ఓవర్‌లోడు వేసేవాళ్లు, సర్వీసు వాయిదా వేసే ఓనర్లు, కల్తీ డీజిల్ పోసేవాళ్లు ఉన్నారు. వాళ్ల తప్పు వాళ్లది. దాని చాటున మేము దాక్కోవడం మాది.

ఎందుకిట్లా అయ్యామంటే నాకు కనబడే మూలం ఒక్కటే. సామాను మారిస్తే పైసలొస్తాయి, వెతికితే రావు. గంటసేపు వెతికి, తప్పంతా సడలిన ఒక పైపు క్లిప్పులో ఉందని తేలిస్తే, "గింత దానికి పైసలా అన్నా?" అంటాడు గిరాకీ. అదే గంటలో క్లచ్ సెట్టు మారిస్తే మారుమాట లేకుండా ఇస్తాడు. సామాను దుకాణం నుంచి కమీషన్ కూడా వస్తుంది. ఆ కమీషన్ తీసుకోని షెడ్డు నేను చూడలేదు. ఉస్తాద్ దగ్గర చేరిన పిల్లగాడు ఇదంతా చూస్తూ పెరుగుతాడు. పద్నాలుగు పానా, పదిహేడు పానా గుర్తుపడతాడు, విప్పడం బిగించడం త్వరగా పట్టేస్తాడు. డ్రైవర్‌ను ఏం అడగాలో మాత్రం అతనికి ఎవరూ నేర్పరు, మాకూ ఎవరూ నేర్పలేదు గనుక.

కనీసం ఏ బండికి ఏం మార్చాం, వణుకు తగ్గిందా లేదా అని ఒక నోటుబుక్కులో రాసినా చాలా తెలిసేది. మా అందరి జేబుల్లో ఫోన్లున్నాయి. కంపనం సెకనుకు ఎన్నిసార్లో చూపే ఉచిత యాప్‌లు వాటిలో నడుస్తాయి. డ్యాష్‌బోర్డు మీద ఫోన్ పెట్టి ఆ అంకె చూసి, ఇంజన్ తిరిగే వేగంతో పోల్చితే తప్పు ఎటువైపుదో చాలావరకు తేలుతుంది.

బండి చూసినందుకు ఇంత, సామాను మార్చకపోయినా ఇంత అని షెడ్డు ముందు బోర్డు రాయాలని మాలో మేము చాలాసార్లు మాట్లాడుకున్నాం. పక్క షెడ్డువాడు రాయకపోతే గిరాకీ అంతా అటు పోతుందన్న భయంతో ఇప్పటిదాకా ఒక్కరమూ రాయలేదు.