కెపాసిటర్‌ను పరీక్షించినంకనే ఎల్బీనగర్ బస్సెక్కుండ్రి

రైతన్నలారా, సూటిగా ఒక మాట అడుగుత. ఎద్దును కొనేముందు పళ్లు చూస్తం. విత్తనం వేసేముందు మొలక చూస్తం. మోటారు కెపాసిటర్‌ను మాత్రం ఎందుకు చూడకుండ పారేస్తున్నం, చూడకుండ కొంటున్నం?

సింగిల్ ఫేజ్ మోటారు గుయ్‌మని మూలిగి ఆగితే చాలు, ప్యానెల్ డబ్బా పోయిందంటం. ఎల్బీనగర్‌ల దిగుతం. ఆడ దొరకకపోతే మెట్రోల మూడు స్టేషన్లు పోయి దిల్‌సుఖ్‌నగర్‌ల వెతుకుతం. పూట పాయె, ఛార్జీలు పాయె, ఈడ నారు ఎండిపాయె. చెడింది ఒక్క కెపాసిటరే కావచ్చు. అదీ మంచిగనే ఉండి, వైరు తెగి ఉండొచ్చు. దుకాణదారును తిట్టి లాభం లేదు, చూడకుండ సరే అనేది మనమే.

కావాల్సినవి: 9 వోల్టుల బ్యాటరీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక ఎల్ఈడీ, వైరు ముక్కలు. బ్యాటరీ ప్లస్‌కు రెసిస్టర్, దానికి ఎల్ఈడీ పొడుగు కాలు. పొట్టి కాలుకు ఒక వైరు, బ్యాటరీ మైనస్‌కు ఇంకో వైరు. అంతే.

ముందు ప్రాణం. మెయిన్ ఆపినా కెపాసిటర్‌ల కరెంటు నిల్వ ఉంటది. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వైర్లను రెండు టెర్మినళ్లకు కాసేపు తగిలించి ఖాళీ చేయాలె. తర్వాతనే వైర్లు ఊడదీయాలె.

ఇప్పుడు నీడల చూడుండ్రి. లైటు మిణుక్కుమని ఆరితే పెద్ద లీకు లేనట్టు. వైర్లు అటుదిటు మారిస్తే మళ్లీ మిణుక్కుమనాలె. ఆరకుండ వెలిగితే లోపల కారుతున్నది, తీసేయాలె. అసలు మిణుక్కుమనకపోతే లోపల తెగి ఉండొచ్చు. స్టార్ట్ కెపాసిటర్ మీద చిన్న రెసిస్టర్ అతికి ఉంటే దాని ఒక కొస విడదీయుండ్రి, లేకుంటే సన్నగా వెలుగుతనే ఉంటది.

దీనికీ హద్దుంది. 9 వోల్టులకు కారనిది 230 వోల్టులకు కారొచ్చు. బలం తగ్గినదాన్ని కూడా ఇది పట్టదు. అందుకు మైక్రోఫారడ్లు కొలిచే మల్టీమీటర్ ఊరికొకటి ఉంటే చాలు, నలుగురు కలిసి కొనుక్కోవచ్చు.

"రైతుకెందుకు ఇవన్నీ?" అనేటోళ్లు ఉంటరు. ఉచిత కరెంటు 2004ల వచ్చింది. తర్వాత మోటార్లకు కెపాసిటర్లు పెట్టుకోమని కరెంటోళ్లు చెప్పుకుంట వచ్చిన్రు. పెట్టుకునుడు రైతు పనైతే, చూసుకునుడు ఎవరి పని? రాత్రిపూట ఫ్యూజు వేసే చేతికి ఇది ఎంత?

ఈ వైర్లు జేబుల పెట్టుకునే దుకాణానికి పోండ్రి. పైసలిచ్చేముందు కొత్త కెపాసిటర్‌కూ పెట్టి చూడుండ్రి. వద్దంటే, పక్క దుకాణం ఉండనే ఉన్నది.